తొలితరం మెజీషియన్ల పాత ఫొటోలు: గుర్తుపట్టడం, కొనడం, దాచుకోవడం ఎలా

సంకెళ్లు విప్పుకునే ఆటలకు పేరుపడ్డ అమెరికా మెజీషియన్ హౌడినీ, ఆయన సంకెళ్లతో నిలబడ్డ ఫొటో మీరు చూసే ఉంటారు. 1899 ప్రాంతంలో తీసింది. నడుముకు చిన్న గుడ్డ తప్ప ఒంటి మీద బట్టల్లేవు. ఒళ్లంతా గొలుసులు, తాళాలు. చాలామంది ఆ కండలు చూసి ముందుకెళ్లిపోతారు. కాసేపు ఆగి చూస్తే ఆ బట్టలు లేకపోవడం వెనక ఉద్దేశం తెలుస్తుంది: తాళంచెవి దాచుకునే చోటు తన దగ్గర లేదని చూసేవాళ్లను ముందే నమ్మించడం. అంటే ఆట స్టేజీ ఎక్కకముందే, ఫొటోలోనే మొదలైపోయింది.

ఆ తరం మెజీషియన్ల ఫొటోలన్నిటినీ నేను ఇలాగే చూడమంటాను. వాళ్లకు ఫొటో జ్ఞాపకం కోసం దిగేది కాదు, ఆటలో ఒక భాగం. కాబట్టి మొహం చూసి మురిసిపోయే ముందు చేతిలో ఉన్నది ఏ రకం ఫొటో, ఎప్పటిది, ఏం చూపిస్తోంది, ఏం దాస్తోంది అన్నది తేల్చుకోవాలి.

ముందు కంటికి అలవాటు చేయండి

డబ్బు పెట్టకముందు కొన్నాళ్లు ఉచితంగా దొరికేవే చూడండి. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇందుకు మంచి చోటు. హౌడినీ చనిపోయాక ఆయన పుస్తకాలు, కాగితాలు 1927లో అక్కడికే చేరాయి. మెక్‌మేనస్-యంగ్ సేకరణ కూడా అక్కడే ఉంది. మెజీషియన్ల ఫొటోలకు అదొక గని. సైట్‌లో పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతకండి. దొరికిన ఫొటోను జేపెగ్ కాకుండా టిఫ్ ఫైలుగా దించుకోండి. ఫైలు పెద్దదే, కానీ అట్ట అంచులు, గీతలు, మరకలు అన్నీ అందులో ఉంటాయి. మనకు కావలసింది అవే.

టెక్సస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లోనూ హౌడినీకి చెందిన సేకరణ ఉంది. ఫ్రెంచి మెజీషియన్ల ఫొటోల కోసం ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైట్ చూడండి. ఆస్ట్రేలియాలో విక్టోరియా స్టేట్ లైబ్రరీలో మ్యాజిక్‌కు సంబంధించిన ఆల్మా సేకరణ ఉంది.

ఒకేసారి అందరి మీదా పడకండి. ఒక మనిషినో ఒక కుటుంబాన్నో ఎంచుకోండి. నన్నడిగితే హౌడినీతో కాకుండా హెర్‌మన్ కుటుంబంతో మొదలుపెట్టమంటాను. ఎందుకో కాస్త కింద చెబుతాను.

ఇది ఏ రకం ఫొటో?

ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. అప్పటి నుంచి ఒక్కో పద్ధతి కొన్నేళ్లు నడిచి, తర్వాతి దానికి చోటిచ్చింది. అందుకే రకం తెలిస్తే కాలం సగం తెలిసినట్టే.

అద్దంలా మెరుస్తూ, ఒక కోణంలో బొమ్మ, ఇంకో కోణంలో మీ మొహం కనిపిస్తే అది డాగెరోటైప్. వెండి పూత పూసిన రాగి రేకు మీద తీసింది. 1840ల్లో, 50ల్లో నడిచింది. గాజు పలక మీద ఉంటే ఆంబ్రోటైప్, 1850ల నాటిది. సన్నటి ఇనుప రేకు మీద ఉంటే టిన్‌టైప్. అయస్కాంతాన్ని వెనక వైపు నుంచి మెల్లగా ఆనిస్తే అంటుకుంటుంది. పేరులో టిన్ ఉన్నా అది ఇనుమే.

ఈ మూడింటిలోనూ సాధారణంగా బొమ్మ కుడిఎడమలు మారి వస్తుంది. మగవాళ్ల కోటు గుండీలు తొడుక్కున్నవాడి కుడివైపు ఉండాలి. ఎడమవైపు కనిపిస్తే అద్దంలో చూసినట్టు తిరగబడ్డ బొమ్మ అన్నమాట. ఇది చూసుకోకుండా 'ఈయన ఎడమచేతివాటం' అని రాసేస్తే తప్పవుతుంది. పేకముక్కల ఆటగాళ్ల విషయంలో ఏ చెయ్యి అన్నది చిన్న సంగతి కాదు.

తర్వాత వచ్చినవి అట్టకు అంటించిన కాగితపు ఫొటోలు. 1854లో పారిస్‌లో డిస్డెరి అనే ఫొటోగ్రాఫర్ పేటెంట్ తీసుకున్న కార్త్ ద విజిట్ సుమారు 2½ × 4 అంగుళాలు ఉంటుంది. 1860ల్లో జనం వీటిని ఆల్బమ్‌ల కొద్దీ పోగుచేశారు. 1866 నుంచి క్యాబినెట్ కార్డు వచ్చింది, సుమారు 4¼ × 6½ అంగుళాలు. నాటకాలవాళ్లు, మెజీషియన్లు ఎక్కువగా దొరికేది ఈ సైజులోనే. ఆ తర్వాత 1900లు దాటాక ఫొటో పోస్టుకార్డుల కాలం.

కాగితం ఏదో తెలియాలంటే పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కొనండి. ఇంతకన్నా అక్కరకొచ్చే పనిముట్టు ఈ పనిలో లేదు. కాగితపు పీచు కనిపిస్తూ, తెలుపు భాగాలు పసుపు తిరిగి, సన్నటి పగుళ్లుంటే గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు. 1890ల దాకా ఎక్కువ నడిచింది ఇదే. పీచు కనిపించకుండా నున్నగా ఉండి, నల్లటి భాగాల్లో అంచుల వెంట నీలి వెండి మెరుపు తేలి ఉంటే జెలటిన్ సిల్వర్ ప్రింటు. బొమ్మంతా చుక్కలు చుక్కలుగా విడిపోతే అది ఫొటోయే కాదు, అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ. ఏ పత్రికలోంచో కత్తిరించి ఉంటారు.

వెనక్కి తిప్పండి

స్టూడియో పేరు, ఊరు, వీధి సాధారణంగా అట్ట వెనక అచ్చై ఉంటాయి. స్టూడియోలు చిరునామాలు మార్చేవి కాబట్టి ఆ వీధి పేరుతోనే కాలం దగ్గరకు రావచ్చు. అట్ట మూలలు చతురస్రంగా, అట్ట పల్చగా ఉంటే మొదటి కాలానివి. మూలలు గుండ్రంగా, అట్ట మందంగా ఉంటే 1870ల తర్వాతవి కావచ్చు.

అమెరికా కార్డు వెనక పన్ను స్టాంపు అంటించి ఉంటే అదృష్టమే. అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఫొటోల మీద వేసిన ఆ పన్ను 1864 నుంచి 1866 దాకా మాత్రమే ఉంది.

పోస్టుకార్డయితే స్టాంపు అంటించే గడి చూడండి. అందులో ఏజో (AZO) అన్న కాగితం పేరు చుట్టూ నాలుగు త్రికోణాలూ పైకి చూస్తుంటే 1904-1918 మధ్య కాగితం. రెండు పైకి, రెండు కిందికి చూస్తుంటే 1918-1930 మధ్యది. వెనక వైపు నిలువు గీత గీసి, ఒక పక్క ఉత్తరానికి, ఒక పక్క చిరునామాకు వదిలారా? అలా విడదీయడం బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907లో మొదలైంది.

ఒక జాగ్రత్త. ఇవన్నీ కాగితం వయసు చెబుతాయి, బొమ్మ వయసు కాదు. పేరున్న మెజీషియన్ పాత ఫొటోను స్టూడియోలు పదేళ్ల తర్వాత కూడా మళ్లీ అచ్చు తీసి అమ్మేవి.

మనిషి ఎవరు?

అసలు చిక్కంతా ఇక్కడే. మెజీషియన్లు ఒకరి పేరు ఒకరు, ఒకరి వేషం ఒకరు ఎత్తుకునేవాళ్లు. అమ్మేవాళ్లు రాసిన పేరును ఎప్పుడూ నమ్మకండి.

హెర్‌మన్ల సంగతే చూడండి. కార్ల్ హెర్‌మన్ 1816లో పుట్టి 1887లో పోయాడు. ఆయన తమ్ముడు అలెగ్జాండర్ 1844లో పుట్టాడు. అన్నకూ తమ్ముడికీ 28 ఏళ్ల తేడా. ఇద్దరికీ పైకి తిప్పిన మీసాలు, చివర కొనదేలిన గడ్డం. నాటకాల్లో సైతాను వేషం ఎలా ఉంటుందో అలా కావాలనే పెంచుకున్నారు. 1896 డిసెంబరులో అలెగ్జాండర్ రైల్లోనే చనిపోతే, ఆయన భార్య అడిలైడ్ ఆట ఆపకుండా వాళ్ల బంధువుల అబ్బాయి లియోన్‌ను తీసుకొచ్చింది. అతనికీ అదే గడ్డం, అదే మీసం. మొహం చూస్తే ముగ్గురూ ఒకటే! ఇక్కడ మిమ్మల్ని గట్టెక్కించేది మొహం కాదు, అట్ట. 1860ల నాటి కార్త్ ద విజిట్‌లో వయసు మళ్లుతున్న మనిషి ఉంటే కార్ల్ వైపు మొగ్గండి. 1880ల క్యాబినెట్ కార్డులో నలభై ఏళ్ల మనిషి ఉంటే అలెగ్జాండర్. లియోన్ స్టేజీ మీద హెర్‌మన్‌గా కనిపించేది 1896 తర్వాతే. ఈ కుటుంబంతో మొదలుపెట్టమన్నది ఇందుకే. ముగ్గురినీ విడదీయడం వచ్చిందంటే మీకు పని వచ్చినట్టే.

అడిలైడ్ ఫొటోలు దొరికితే వదలకండి. 1897లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లో తుపాకీ గుండ్లు పట్టుకునే ఆట ఆడిన మనిషి ఆమె. భర్త పోయాక దాదాపు ముప్పై ఏళ్ల పాటు సొంత పేరుతో ప్రదర్శనలిచ్చింది. అయినా చాలా చోట్ల ఆమె ఫొటో కింద 'హెర్‌మన్ భార్య' అని రాసి వదిలేస్తున్నారు. మీ చీటీలో మాత్రం ఆమె పేరు పూర్తిగా రాయండి: అడిలైడ్ హెర్‌మన్, 1853-1932.

ఇక హౌడినీ. ఇంగ్లిష్ స్పెల్లింగులో చివరి అక్షరం ఒక్కటి తీసేస్తే ఫ్రాన్స్ మెజీషియన్ రాబర్ట్ హూదాన్ ఇంటిపేరు అవుతుంది. హౌడినీ తన పేరు పెట్టుకున్నది ఆయనను చూసే. హూదాన్ 1871లో పోయాడు, హౌడినీ పుట్టింది 1874లో. 1860ల నాటి అట్ట మీద 'హౌడినీ' అని పేరుంటే అమ్మేవాడు ఇద్దరినీ కలిపేశాడని అర్థం. హౌడినీ తమ్ముడు హార్డీన్ కూడా సంకెళ్లు విప్పుకునే ఆటలే ఆడేవాడు. గొలుసులు కనబడగానే హౌడినీ అనుకోకండి. తమ్ముడు అన్న కంటే భారీ మనిషి.

ఇంకా కష్టమైన జంట చింగ్ లింగ్ ఫూ, చుంగ్ లింగ్ సూ. ఫూ అసలైన చైనావాడు, 1898లో అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్నాడు. సూ అసలు పేరు విలియమ్ రాబిన్సన్, అమెరికావాడు. అమెరికా మెజీషియన్ కెల్లర్ దగ్గరా అలెగ్జాండర్ హెర్‌మన్ దగ్గరా తెర వెనక పనిచేసి, 1900లో గుండు గీయించుకుని, జడ తగిలించి, చైనావాడిగా మారిపోయాడు. విలేకరులతో కూడా దుబాసీ ద్వారానే మాట్లాడేవాడు. 1918 మార్చిలో లండన్ వుడ్ గ్రీన్ ఎంపైర్‌లో తుపాకీ గుండు పట్టుకునే ఆటలో తుపాకీ నిజంగానే పేలి ప్రాణం పోయింది. ఇద్దరి ఫొటోలూ ఇవాళ్టికీ తారుమారవుతున్నాయి. అసలు మనిషి పేరు పోయి నకలు పేరు నిలబడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కాబట్టి ఈ ఇద్దరి దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగండి. వేషం, జడ, రంగు ఏవీ లెక్కలోకి తీసుకోకుండా చెవి చూడండి. చెవి తమ్మె విడిగా వేలాడుతోందా, చెంపకు అతుక్కుందా, పైమడత ఎలా తిరిగింది అన్నది మేకప్‌తో మారదు. రాబిన్సన్ మామూలు కోటులో దిగిన 1900 ముందరి ఫొటోలతో ఆ చెవిని పోల్చండి.

మన దేశంలో ఇదే చిక్కు పీసీ సర్కార్ దగ్గర వస్తుంది. 1913లో పుట్టి 1971లో జపాన్‌లో కన్నుమూసిన పెద్ద సర్కార్‌దీ, ఆయన కొడుకు జూనియర్ సర్కార్‌దీ ఒకే మహారాజు వేషం, ఒకే తలపాగా.

ఆట చూపించే ఫొటోను చదవడం

పంతొమ్మిదో శతాబ్దంలో ఆట జరుగుతుండగా ఫొటో తీయడం దాదాపు కుదిరేది కాదు. స్టేజీ మీద వెలుతురు చాలదు, ప్లేటుకు కొన్ని సెకన్లయినా కదలకుండా ఉండాలి. కాబట్టి గాల్లో ఎగురుతున్న పేకముక్కలో, తేలుతున్న అమ్మాయో కనిపిస్తే అది స్టూడియోలో కట్టిన దృశ్యం, లేదా దిద్దిన నెగెటివ్ అని మొదలుపెట్టండి.

దిద్దుబాట్లు పట్టుకోవడం ఇలా. నెగెటివ్ మీద పెన్సిల్‌తో గీస్తే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది, కత్తితో గీకితే నల్లబడుతుంది. తేలుతున్న మనిషికి పైనా కిందా వెనక తెర ఒక్కసారిగా మరీ నున్నగా మారితే అక్కడ తీగనో కమ్మీనో చెరిపారు. ఆ తర్వాత నీడ చూడండి. మనిషి తేలుతోంది కానీ కింద నేల మీద నీడ లేదంటే రెండు బొమ్మలు కలిపారు.

దిద్దని ఫొటోల్లో ఆధారం కళ్లెదుటే ఉంటుంది. 1936 జూన్‌లో ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక దక్షిణ భారతంలో తీసిన కొన్ని ఫొటోలు వేసింది. సుబ్బయ్య పులవర్ అనే ఆయన నేలకు ఎత్తులో అడ్డంగా పడుకుని ఉంటాడు. ఫొటో తీసిన ప్లంకెట్ ఏదీ చెరపలేదు. మొదటిసారి చూసేవాడి కన్ను తేలుతున్న ఒంటి మీదే నిలుస్తుంది. మీరు ఆయన చేతిని చూడండి. గుడ్డ చుట్టిన కర్ర మీద ఊరికే ఆనించినట్టుంటుంది. ఊరికే ఆనించేవాడికి కర్ర ఎందుకు, కర్రకు గుడ్డ ఎందుకు? ఈ తరహా ఆటలన్నిటిలో బరువు మోసేది ఆ కర్రే. అందులోంచి వచ్చిన ఇనుప కమ్మీ చొక్కా చేతిలోంచి ఒంటి కిందికి పోతుంది.

ఈ ఆటకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. 1830 ప్రాంతంలో మద్రాసులో శేషల్ అనే ఆయన ఒక చెయ్యి కర్ర మీద ఆనించి గాల్లో కూర్చునేవాడు. ఆయన బొమ్మలు చెక్కుడు అచ్చుల్లోనే ఉన్నాయి, అప్పటికి ఫొటో పుట్టలేదు కదా. ఎవరైనా 'శేషల్ అసలు ఫొటో' అంటే బేరమాడకుండా లేచి రండి. 1847లో పారిస్‌లో రాబర్ట్ హూదాన్ తన కొడుకును మోచేతి కింద ఒక్క కర్రతో గాల్లో నిలిపినప్పుడు, అప్పుడే కొత్తగా వచ్చిన ఈథర్ మత్తు వల్లే తేలుతున్నాడని జనానికి చెప్పాడు. ఉపాయం మాత్రం ఈ కర్ర ఆటల తరహాదే.

దయ్యాల ఫొటోలు ఇంకో రకం. అమెరికాలో విలియమ్ మమ్లర్ చనిపోయినవాళ్లు పక్కన నిలబడ్డట్టు ఫొటోలు తీసి అమ్మాడు. 1869లో న్యూయార్క్‌లో అతని మీద విచారణ జరిగితే, ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ లింకన్ ఆత్మతో తన ఫొటో కావాలనే తీయించి, ఇది ఎంత తేలికో కోర్టుకు చూపించాడు. అయినా మమ్లర్ బయటపడ్డాడు. 1920ల్లో హౌడినీ కూడా లింకన్ ఆత్మ పక్కన కూర్చున్నట్టు ఫొటో చేయించుకున్నాడు, ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్ల మోసం బయటపెట్టడానికి. ఆ ఫొటో ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. దాన్ని దించుకునేటప్పుడు కింద ఈ వివరం కూడా రాసుకోండి. వివరం లేకుండా తిరిగితే అది కూడా ఇంకో దయ్యం ఫొటో అయిపోతుంది.

కొనేటప్పుడు

ముందు వైపు ఒక ఫొటో, వెనక వైపు ఒకటి, పక్క నుంచి అట్ట మందం కనిపించేలా ఒకటి పంపమని అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. చేతికి వచ్చాక చీకటి గదిలో నోట్లు చూసే యూవీ లైటు వేయండి. 1950ల తర్వాతి కాగితాల్లో చాలావాటికి తెలుపు కోసం కలిపిన రసాయనం వల్ల నీలంగా మెరుస్తుంది. 1890ల కార్డు అని చెప్పినది అలా వెలిగితే నకలే. వెలగలేదని అసలుదని మాత్రం కాదు.

సంతకం ఉన్న ఫొటో ధర చాలా ఎక్కువ. హౌడినీ సంతకాలకు దొంగవి బాగా ఉన్నాయి కాబట్టి కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. అలాగే 1890ల్లో సిన్సినాటీలో స్ట్రోబ్రిడ్జ్ కంపెనీ కెల్లర్ కోసం వేసిన రంగు పోస్టర్లు, చెవిలో చిట్టి సైతానులు గుసగుసలాడేవి, వాటిని ఫొటో తీసి 'కెల్లర్ ఫొటో' అని అమ్ముతుంటారు. భూతద్దం పెడితే తెలిసిపోతుంది.

దాచుకోవడం

పటం కట్టించకండి, లామినేషన్ అసలే వద్దు. గాజుకు ఆనిన ఫొటో మన తేమకు కొన్నేళ్లలో దానికే అతుక్కుపోతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లు, మెత్తటి పీవీసీ కవర్లు కూడా ఫొటోకు శత్రువులే. పాలియెస్టర్ కవరు, దాని బయట ఆమ్లం లేని కాగితం, ఆపైన గట్టి అట్టపెట్టె, ఇదీ వరస. ఇనుప బీరువా మంచిదే, కానీ వాన పడే బయటి గోడకు ఆనించకండి. కలరా ఉండలు వేయొద్దు. సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో మారుస్తుండండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే నెలకోసారి పెట్టె తెరిచి బూజు చూసుకోవాల్సిందే.

స్కాన్ చేసేటప్పుడు బొమ్మ నలుపుతెలుపుదే అయినా రంగుల మోడ్‌లోనే చేయండి, పసుపు తిరగడం, మరకలు అన్నీ నమోదవుతాయి. క్యాబినెట్ కార్డుకు 600 డీపీఐ, చిన్న కార్డుకు 1200. రెండు వైపులా, అంచులతో సహా చేయాలి. వెనక వైపు అట్టను ఎవరూ స్కాన్ చేయరు, తర్వాత చూసేవాళ్లకు ముందు కావలసింది అదే. డాగెరోటైప్‌ను స్కానర్ మీద పెట్టకండి, పైగాజు విప్పకండి, వేలితో తుడవకండి. ఆ రేకు మీద వేలి గీత పడితే ఇక పోదు. నల్లగుడ్డ అడ్డం పట్టి కెమెరాతో తీయండి.

ప్రతి ఫొటోకూ ఒక చీటీ రాయండి. రకం, సైజు, స్టూడియో, మీరు అనుకుంటున్న పేరు, ఎందుకు అనుకుంటున్నారో ఒక వాక్యం, ఎక్కడ కొన్నారో. అనుమానం ఉంటే 'బహుశా' అని రాయడానికి సిగ్గుపడొద్దు. నెట్‌లో పెట్టాలనుకుంటే హక్కులు చూసుకోండి. మన చట్టం ప్రకారం 2012 దాకా ఫొటోకు ప్రచురించిన తర్వాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉండేది; 2012 సవరణ తర్వాత ఫొటో తీసినవాళ్లు చనిపోయిన తర్వాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. అమెరికాలో పాతకాలపు ప్రచురణలకు 95 ఏళ్ల లెక్క. చీటీని పెన్నుతో కాక మెత్తటి పెన్సిల్‌తో రాసి, ఫొటోకు తగలకుండా బయటి కాగితపు కవరులో పెట్టండి.